గులియెవ్ అంటే ఎవరి దాసుడు? అజర్బైజాన్ ఇంటిపేరు మూలాన్ని వెతికే పద్ధతి

చదరంగం పోటీలను చూసే తెలుగువారికి అజర్బైజాన్ ఇంటిపేర్లు కొత్తవి కావు. 2023 ఆగస్టులో బాకు నగరంలో ప్రపంచ కప్ జరిగినప్పుడు వరంగల్లుకు చెందిన అర్జున్ ఎరిగైసి క్వార్టర్ ఫైనల్ వరకు వెళ్లాడు; ఆతిథ్య దేశానికి చెందిన నిజాత్ అబాసొవ్ సెమీఫైనల్‌కు చేరాడు. అబాసొవ్, మమెద్యరొవ్, రజబొవ్, గషిమొవ్ వంటి పేర్లు వరుసగా కనబడితే అవన్నీ రష్యన్ పేర్లేనని అనుకోవడం సహజం. నిజానికి ఆ పేర్ల తోక ఒక్కటే రష్యాది. తోకను తీసివేస్తే మిగిలేది అరబ్బీ, పారశీక, తురుష్క (టర్కిక్) భాషలలో దేనికో, ఒక్కొక్కసారి రెండింటికో చెందిన ఒక మనిషి పేరు.

ఈ వ్యాసంలో గులియెవ్ అనే ఒకే ఇంటిపేరును తీసుకుని, దాని మూలాన్నీ అర్థాన్నీ ఎలా తేల్చుకోవాలో మెట్టుమెట్టుగా వివరిస్తాను. అజర్బైజాన్‌లో చాలా విరివిగా వినిపించే ఇంటిపేర్లలో ఇదొకటి. దీనిని ఎంచుకోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఈ పేరులోని అసలు మాట గోల్కొండ చరిత్ర చదివిన ప్రతి తెలుగు పాఠకునికీ ముందే తెలుసు. అది ఇదేనని తెలియకపోవచ్చు, అంతే.

మొదలుపెట్టే ముందు

వెతకదలచిన వ్యక్తి పూర్తి పేరును సంపాదించాలి. అజర్బైజాన్‌లో అధికారికంగా రాసే పేరులో మూడు భాగాలుంటాయి: సొంత పేరు, తండ్రి పేరు, వంశ నామం. వంశ నామాన్ని వారు 'సొయాద్' అంటారు; 'సొయ్' అంటే వంశం, 'ఆద్' అంటే పేరు. రష్యన్ ప్రభావం వల్ల మాటల్లో 'ఫమీలియా' అనడమూ ఉంది. తండ్రి పేరు పక్కన కొడుకైతే 'ఓగ్లు' అనీ, కూతురైతే 'గిజి' అనీ చేరుస్తారు. ప్రస్తుత అధ్యక్షుని పూర్తి పేరు ఇల్హామ్ హైదర్ ఓగ్లు అలియెవ్; అంటే హైదర్ కొడుకైన ఇల్హామ్, అలీ వంశంవాడు అని.

మన అలవాటును ఇక్కడ కొంచెం పక్కన పెట్టాలి. తెలుగు ఇంటిపేరు పేరుకు ముందు వస్తుంది, తరచుగా ఒక ఊరినో వృత్తినో సూచిస్తుంది. అందుకే ఇంటిపేరు వినగానే 'ఏ ఊరివారు?' అనే ప్రశ్న మన నోటికి వస్తుంది. అజర్బైజాన్ ఇంటిపేరు చివర వస్తుంది, ఎక్కువ సందర్భాల్లో ఒక పూర్వీకుని సొంత పేరు నుంచి పుడుతుంది. కాబట్టి అక్కడ మొదట అడగవలసిన ప్రశ్న 'ఎవరి పేరు?' అన్నది.

మొదటి మెట్టు: రాతరూపాలన్నీ పోగుచేయడం

ఇరవయ్యవ శతాబ్దంలో అజర్బైజాన్ భాష లిపి పదేపదే మారింది. 1920ల దాకా అరబ్బీ లిపి వాడుకలో ఉండేది. 1929లో లాటిన్ లిపి అధికారికమైంది, 1940 నుంచి దాని స్థానంలోకి రష్యన్ భాషకు వాడే సిరిలిక్ లిపి వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చిన 1991లోనే మళ్లీ లాటిన్‌కు మారాలని చట్టం చేశారు. ఆ మార్పు పూర్తిగా అమలులోకి వచ్చింది 2001 ఆగస్టు 1న. ముత్తాత సంతకం ఒక లిపిలో, తాత గుర్తింపు పత్రం ఇంకొక లిపిలో, మనవడి పాస్‌పోర్టు మూడవ దానిలో ఉండడం ఆ దేశంలో వింత కాదు. ఇంగ్లిషులో ఇప్పుడు కనబడే రూపం ఈ దారులలో దేని గుండా వచ్చిందో తెలుసుకోకుండా అర్థానికి దిగితే తప్పుదారి పడతాము.

గులియెవ్‌నే చూడండి. నేటి అజర్బైజాన్ లాటిన్ లిపిలో ఈ పేరు 'క్యూ' అక్షరంతో మొదలవుతుంది, కాని వారి భాషలో ఆ అక్షరానికి 'గ' ధ్వని. సోవియట్ కాలంలో అజర్బైజాన్ భాషకు వాడిన సిరిలిక్‌లో కూడా దీనిని 'గ' అక్షరంతోనే రాశారు. అదే వ్యక్తి పేరును రష్యన్ భాషలోని పత్రాల్లో మాత్రం 'క' అక్షరంతో రాశారు. అందువల్ల గులియెవ్, కులియెవ్, గులీవ్, కులీవ్ అని నాలుగు విధాలుగా కనబడేది ఒకే ఇంటిపేరు కావచ్చు. రష్యన్ పత్రాల నుంచి ఇంగ్లిషుకు వస్తే 'క', అజర్బైజాన్ ఉచ్చారణ నుంచి నేరుగా వస్తే 'గ' వస్తుందని స్థూలంగా గుర్తుంచుకోవచ్చు.

వేరే పేర్లకు ఈ పద్ధతిని వాడేవారు ఇంకొన్ని మార్పులను తెలుసుకోవాలి. రష్యన్ భాషలో 'హ' లేదు. దానికి బదులు 'గ' రాస్తారు. ఆ కారణంగా హసనొవ్ గసనొవ్ అయింది, హుసేనొవ్ గుసేనొవ్ అయింది, చదరంగంలో పేరు తెచ్చుకుని 2014లో చిన్న వయసులోనే మరణించిన వుగార్ హాషిమొవ్ ప్రపంచానికి గషిమొవ్‌గా మిగిలాడు. కాబట్టి 'గ'తో మొదలయ్యే ప్రతి పేరు విషయంలోనూ అది అసలైన 'గ'నా, 'హ'కు వేసిన మారువేషమా అని విచారించాలి. నేటి లాటిన్ లిపిలో 'సి' అక్షరం 'జ' అని పలుకుతుంది, 'ఎక్స్' అక్షరం 'ఖ' అని పలుకుతుంది. జాఫరొవ్ అనే పేరు 'సి'తో మొదలవడం, ఖలీలొవ్ అనే పేరు 'ఎక్స్'తో మొదలవడం అందుకే. తలకిందులైన 'ఈ' అక్షరంలా కనిపించేదాని ధ్వని తెలుగువారికి కష్టం కాదు: 'మేక' అన్నప్పుడు మనలో చాలామంది నోట వినిపించే, ఏకారానికీ ఆకారానికీ మధ్యనుండే ధ్వనే అది. తెలుగులో మమ్మదొవ్ అని రాయాలా మెమ్మెదొవ్ అని రాయాలా అన్న సందిగ్ధం దాని వల్లనే వస్తుంది; రెండూ తప్పు కావు.

రెండవ మెట్టు: తోకను విడదీసి, దాని వయసును అంచనా వేయడం

గులియెవ్‌లో 'యెవ్' అనేది ప్రత్యయం. హల్లుతో ముగిసే పేరుకు 'ఒవ్' చేరుతుంది: హసన్ హసనొవ్ అవుతాడు, మమ్మద్ మమ్మదొవ్ అవుతాడు. అచ్చుతో ముగిసే పేరుకు 'యెవ్' చేరుతుంది: అలీ అలియెవ్ అవుతాడు, గులి గులియెవ్ అవుతాడు. రష్యన్‌లో ఈ ప్రత్యయం షష్ఠీ విభక్తి పని చేస్తుంది. 'హసనొవ్' అంటే 'హసన్ గారి' వాడు అని మనం అర్థం చేసుకోవచ్చు.

ఈ తోక ఎప్పుడు తగిలించబడిందో తెలుసుకుంటే ఇంటిపేరు మూలంలో సగం తెలిసినట్టే. పందొమ్మిదవ శతాబ్దం మొదట్లో రష్యాకూ ఇరాన్‌కూ మధ్య జరిగిన యుద్ధాల తరువాత 1813లో గులిస్తాన్ సంధి, 1828లో తుర్క్‌మెన్‌చాయ్ సంధి కుదిరాయి. అరస్ నదికి ఉత్తరాన ఉన్న ప్రాంతాలు రష్యా చేతికి వెళ్లాయి. అంతకు ముందు అక్కడివారికి తరతరాలకు మారని ఇంటిపేరు ఉండడం సాధారణం కాదు. ఒక మనిషిని 'ఫలానావాని కొడుకు ఫలానా' అనేవారు. లేదా గంజా కవి నిజామీని నిజామీ గంజవి అన్నట్టు ఊరితో చెప్పేవారు. లేదా పేరుకు ముందో వెనకో ఒక గౌరవపదం తగిలించేవారు. మక్కాకు వెళ్లివచ్చినవాడు హాజీ, కర్బలాకు వెళ్లివచ్చినవాడు కెర్బెలాయి, మష్‌హద్‌కు వెళ్లివచ్చినవాడు మెషెది అయ్యేవారు. భూస్వామిని బెయ్ అనీ, పాలకుణ్ణి ఖాన్ అనీ పిలిచేవారు. హాజీయెవ్ వంటి ఇంటిపేర్లు ఆ గౌరవపదాలు గడ్డకట్టగా మిగిలినవే.

రష్యన్ పాలనలో మొదట ఈ తోకను పొందినవారు సైన్యంలో, కచేరీలలో, రష్యన్ బడులలో ఉన్నవారు. బాకు ఖానుల వంశంలో పుట్టి రష్యన్ కొలువులో అనువాదకుడిగా పనిచేసిన చరిత్రకారుడు అబ్బాస్‌గులు ఆగా బాకిఖానొవ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన 1794లో పుట్టి 1847లో మరణించాడు. బాకు, ఖాన్, ఒవ్ అనే మూడు ముక్కలు ఆ ఇంటిపేరులో స్పష్టంగా విడివడతాయి. ఆయన సొంత పేరు అబ్బాస్‌గులు మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి, దానితో కాసేపట్లో పని పడుతుంది. సామాన్య రైతు కుటుంబాలకు ఇంటిపేరు స్థిరపడింది చాలావరకు సోవియట్ కాలంలో. 1932 డిసెంబరులో సోవియట్ యూనియన్‌లో అంతర్గత పాస్‌పోర్టు (దేశంలోపలి గుర్తింపు పత్రం) పద్ధతి ప్రవేశపెట్టిన తరువాత పత్రం పొందిన ప్రతి మనిషికీ మారని ఇంటిపేరు ఒకటి రాయవలసి వచ్చింది. గుమాస్తా 'నీ పేరేమిటి, నీ తండ్రి పేరేమిటి, తాత పేరేమిటి?' అని అడిగి, దొరికిన పేరుకు తోక తగిలించి రాసిన సందర్భాలే ఎక్కువ.

తోకలన్నీ రష్యన్‌వే కావు. 'జాదె' అనేది పారశీక పదం, 'పుట్టినవాడు' అని అర్థం. పందొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట విద్యావంతులు దీనిని ఇష్టపడ్డారు. 1918లో ఏర్పడిన అజర్బైజాన్ గణతంత్రానికి నాయకుడైన మమ్మద్ అమీన్ రసూల్‌జాదె ఇంటిపేరు అలాంటిదే. 'లి' లేదా 'లు' అనేది తురుష్క ప్రత్యయం. ఒక చోటికో ఒక గుంపుకో ఒక వ్యక్తికో చెందినదానిని తెలుపుతుంది. సంగీతకర్త ఉజెయిర్ హాజీబెయోవ్‌ను ఈనాడు హాజీబెయ్లి అని కూడా రాస్తారు; ఫ్రాన్స్‌కు వలసపోయిన ఆయన సోదరుడు జెయ్హున్ హాజీబెయ్లిగానే ప్రసిద్ధుడు. ఒకే తండ్రి బిడ్డలకు రెండు తోకలు రావచ్చని, ఒక్క మనిషికే రెండూ ఉండవచ్చని దీని వల్ల తెలుస్తుంది.

1991 తరువాత చాలామంది రష్యన్ తోకను తెంచుకుని 'లి', 'జాదె' చేర్చుకున్నారు, లేదా మొండి పేరునే ఇంటిపేరుగా ఉంచుకున్నారు. కొందరు అంతకు ముందే ఆ పని చేశారు. 1992, 1993లో అధ్యక్షుడిగా ఉన్న అబుల్‌ఫజ్ ఎల్చిబెయ్ పుట్టుకతో అలియెవ్. కాబట్టి 'గులుజాదె' అనో, కేవలం 'గులు' అనో ఇంటిపేరున్న మనిషి కనబడితే, అతని తాత గులియెవ్ అయి ఉండే అవకాశాన్ని కొట్టివేయకూడదు.

అరస్ నదికి దక్షిణాన, ఇరాన్‌లోని తబ్రీజ్, అర్దబీల్ ప్రాంతాల అజర్బైజానీలకు రష్యన్ తోక తగలలేదు. అక్కడ 1925లో వచ్చిన చట్టం వల్ల ఇంటిపేర్లు తప్పనిసరి అయ్యాయి. అదే మూలం నుంచి గోలీజాదె, గోలీపూర్ వంటి పేర్లు పుట్టాయి.

మూడవ మెట్టు: స్త్రీల రూపాన్ని పురుషుల రూపానికి తెచ్చుకోవడం

రష్యన్ తోక ఉన్న ఇంటిపేరు స్త్రీకి 'ఆ'తో ముగుస్తుంది: గులియెవ్ సోదరి గులియెవా. జాదె, లి ప్రత్యయాలు లింగాన్ని బట్టి మారవు. వెతుకులాటలో ఈ రెండు రూపాలనూ విడివిడిగా చూడాలి, లేకపోతే సగం కుటుంబం జారిపోతుంది.

నాలుగవ మెట్టు: మిగిలిన పేరును ముక్కలు చేసి, భాషను గుర్తించడం

తోక తీసివేస్తే 'గులి' మిగిలింది. దీని అజర్బైజాన్ రూపం 'గులు'. ఇందులో 'గుల్' అనేది తురుష్క పదం. దాసుడు, సేవకుడు, బానిస అని అర్థం. చివరి 'ఉ' 'అతని' లేక 'ఆమె' అనే అర్థాన్నిచ్చే ప్రత్యయం. కొడుకు అనే అర్థంలోని 'ఓగుల్' దానితో కలిసి 'ఓగ్లు' అవుతుంది, కూతురు అనే 'గిజ్' దానితో కలిసి 'గిజి' అవుతుంది. అదే విధంగా 'గుల్' 'గులు' అవుతుంది. ముందున్న అచ్చును బట్టి వెనక అచ్చు మారడం తురుష్క భాషల స్వభావం. ఇకారం ఎక్కడి నుంచి వచ్చిందంటే, అరబ్బీ లిపిలో ఈ మాటను 'య' అక్షరంతో ముగించి రాసేవారు. పారశీకులు దానిని 'గోలీ' అనీ 'కులీ' అనీ చదివారు, రష్యన్ గుమాస్తాలు 'కులి' అని రాసుకున్నారు. నేటికీ గులియెవ్, గులుయెవ్ అనే రెండు రూపాలూ ఉన్నాయి.

'అతని దాసుడు' అంటే ఎవరి దాసుడు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ ప్రశ్న రావడమే ఈ పేరు అసంపూర్ణమని చెబుతోంది. గులు అనేది సాధారణంగా ఒక జంట పేరులోని రెండవ సగం. అలీగులు అంటే అలీ దాసుడు, ఇమామ్‌గులు అంటే ఇమాముల దాసుడు, అల్లాగులు, తన్రిగులు అంటే దేవుని దాసుడు. రజాగులు, హుసేన్‌గులు, అబ్బాస్‌గులు కూడా ఈ కోవలోనివే. బాకిఖానొవ్ సొంత పేరు ఇప్పుడు విడిపోతుంది. షాహ్‌గులు అన్నప్పుడు 'రాజు దాసుడు' అనిపిస్తుంది గాని, అలీకి 'షాహె మర్దాన్', అంటే వీరపురుషుల రాజు అనే బిరుదు ఉన్నదని గుర్తుంచుకుంటే ఆ పేరులోని భక్తి బోధపడుతుంది.

భాషను గుర్తించడానికి ఇక్కడ ఒక చక్కని కీలకం ఉంది. నాకు ఈ పని మొత్తంలో అన్నిటికంటే నచ్చే భాగం ఇదే. అరబ్బీలో దాసుడు అనే మాట ముందు వస్తుంది: 'అబ్ద్' ముందు, 'అల్లా' వెనుక, అబ్దుల్లా. పారశీక పద్ధతిలోనూ అంతే: గులాం అలీ. తురుష్క పద్ధతిలో మాత్రం దేవుడో మహనీయుడో ముందు, దాసుడు వెనుక: అలీ గులు. తెలుగులో మనం రామదాసు అంటాము, కృష్ణదాసు అంటాము, ఆ వరుస కూడా ఇదే. అర్థం ఒకటే అయినా, దాసుడు పేరులో ఎక్కడ నిలుచున్నాడో చూస్తే ఆ పేరును ఏ భాష కట్టిందో తెలిసిపోతుంది. అలీగులులో అలీ అరబ్బీ, గులు తురుష్కం, వరుస తురుష్కం; గులియెవ్‌లో దానికి రష్యన్ తోక. జాదెతో ముగిసే పేర్లలో పారశీకం కూడా చేరుతుంది.

ఐదవ మెట్టు: ఆ పేరు చరిత్రలో ఎక్కడెక్కడ తిరిగిందో చూడడం

హైదరాబాదును 1591లో నిర్మించిన సుల్తాను పేరు మహమ్మద్ కులీ కుతుబ్ షా. ఆ 'కులీ' ఈ 'గులు' ఒకే మాట. గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చి బహమనీ కొలువులో చేరాడు. ఆయన కరా కొయున్లు వంశానికి చెందినవాడు. పదిహేనవ శతాబ్దంలో తబ్రీజ్ రాజధానిగా అజర్బైజాన్ ప్రాంతాన్ని ఏలిన తుర్క్‌మెన్ వంశమది. ఆ వంశం పేరుకు 'నల్ల గొర్రెలవారు' అని అర్థం: కరా నలుపు, కొయున్ గొర్రె, చివరి 'లు' మనం రెండవ మెట్టులో చూసిన ప్రత్యయమే. సుల్తాన్ కులీ, జంషీద్ కులీ, సుభాన్ కులీ, ఇబ్రహీం కులీ, మహమ్మద్ కులీ అని గోల్కొండ మొదటి ఐదుగురు సుల్తానుల పేర్లలోనూ ఈ మాట ఉంది. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఇబ్రహీం కులీనే.

అజర్బైజాన్ వైపు నుంచి దీనికి అచ్చమైన జోడీ ఒకటి ఉంది. 1906లో తిఫ్లిస్ (నేటి త్బిలిసి) నగరంలో 'మొల్లా నస్రెద్దీన్' అనే వ్యంగ్య పత్రికను ప్రారంభించిన రచయిత జలీల్ మమ్మద్‌గులుజాదె. ఆ ఇంటిపేరులోని జాదెను తీసివేస్తే మమ్మద్‌గులు మిగులుతుంది. మమ్మద్ అనేది మహమ్మద్‌కు అజర్బైజాన్‌లో ఇంటింటా వినిపించే రూపం. అంటే చార్మినారు కట్టించిన సుల్తాను సొంత పేరూ, మూడు శతాబ్దాల తరువాత కాకసస్ ప్రాంతపు వ్యంగ్య రచయిత ఇంటిపేరులోని పేరూ అక్షరాలా ఒకటే. మన పాఠ్యపుస్తకాలలో 'కులీ'ని రాజుల పేర్లలోని ఏదో ఒక ముక్కగా చదివి దాటివేస్తాము గాని, దానికి 'దాసు' అని తెలుగు చేస్తే అర్థమవుతుంది. ఆ వంశపు చివరి సుల్తాను తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో ఉన్నాడని మనవారు చెప్పుకునే కంచెర్ల గోపన్నను మనం ఏ పేరుతో పిలుస్తామో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఆరవ మెట్టు: అర్థాన్ని సరైన తూకంతో రాయడం

'గుల్' అంటే బానిస అని నిఘంటువులో చూసి, గులియెవ్ కుటుంబాల పూర్వీకులు బానిసలని రాయడం పెద్ద తప్పు. ఈ మాటకు రాజ సేవకుడు, కొలువులోని సైనికుడు అనే వాడుకలు కూడా చరిత్రలో ఉన్నాయి. ఒట్టోమన్ సుల్తానుల సొంత సైన్యాన్ని 'కపికులు' అనేవారు, 'ద్వారపు దాసులు' అని దాని అర్థం. కాని మనుషుల పేర్లలో ఇది భక్తిని తెలిపే మాట మాత్రమే. రామదాసు అన్న పేరును చూసి ఆ మనిషి ఎవరి ఇంట్లోనో దాస్యం చేశాడని మనం అనుకోము కదా.

ఇంకొక భేదం కూడా పాటించాలి. గులు అనే పేరుకు అర్థం 'దాసుడు'. గులియెవ్ అనే ఇంటిపేరుకు అర్థం 'గులు అనే పేరు గల మనిషి సంతానం'. మొదటిది ఒక బిడ్డకు పేరు పెట్టిన తల్లిదండ్రుల భక్తి, రెండవది ఒక గుమాస్తా కలం పని. ఈ రెంటినీ కలిపి 'గులియెవ్ అంటే దైవసేవకుని పుత్రుడు' అని రాసేస్తే వినడానికి బాగుంటుంది గాని, ఇంటిపేరు పుట్టుకను గురించి ఏమీ చెప్పినట్టు కాదు.

ఏడవ మెట్టు: పోలిక వల్ల మోసపోకుండా చూసుకోవడం

గులియెవ్ అని వినగానే మనకు గులాబీ గుర్తుకు వస్తుంది. పారశీకంలో 'గుల్' అంటే పువ్వు, ముఖ్యంగా గులాబీ. ఆ మాట అజర్బైజాన్ భాషలో కూడా ఉంది, కాని దానిని 'క్యూ'తో కాక 'జి' అక్షరంతో రాస్తారు, అచ్చు కూడా వేరే. పెదవులను గుండ్రంగా చుట్టి 'ఇ' పలికితే వచ్చే ధ్వని అది. గుల్‌మమ్మదొవ్ వంటి ఇంటిపేర్లలో ఉన్నది పువ్వే. ఇంగ్లిషు రాతలో ఈ రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి గనుక, మొదటి మెట్టులో చెప్పినట్టు అసలు లిపిలోని రూపాన్ని చూడనిదే ముందుకు పోకూడదు.

గులామొవ్ అనే ఇంటిపేరు వేరు. దానిలోని గులాం అరబ్బీ మాట. అర్థంలో దగ్గరే అయినా పుట్టుకలో సంబంధం లేదు. మన 'కూలి' ద్రావిడ పదం, చేసిన పనికి ఇచ్చే వేతనం దాని మూలార్థం. కులీ కుతుబ్ షా పేరులోని మాటతో దానిని ముడిపెట్టకూడదు.

ఎనిమిదవ మెట్టు: ఏ జాతివారో విడిగా నిర్ధారించడం

ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఒకే దేశంవారు కారు. రష్యన్ సామ్రాజ్యంలోనూ తరువాత సోవియట్ యూనియన్‌లోనూ ఉన్న తురుష్క, ముస్లిం జాతులన్నిటికీ అవే తోకలు తగిలాయి. ప్రసిద్ధ కవి కైసిన్ కులియెవ్ ఉత్తర కాకసస్‌లోని బాల్కార్ జాతివాడు, అజర్బైజానీ కాదు. తుర్క్‌మెనిస్తాన్‌లోనూ ఈ ఇంటిపేరు విరివిగా ఉంది. ఆ దేశానికి 2022 వరకు అధ్యక్షుడిగా ఉన్న గుర్బాన్‌గులి బెర్దిముహమెదొవ్ సొంత పేరు చివర ఉన్నది కూడా మన 'గులు'నే. ఆయన ఇంటిపేరులోని 'బెర్ది' అంటే 'ఇచ్చాడు'. అజర్బైజాన్‌లో దాని రూపం 'వెర్ది', అల్లావెర్దియెవ్ అనే ఇంటిపేరులో అది కనబడుతుంది. దేవుడిచ్చినవాడు అన్నమాట, మన దేవదత్తుడు.

దీనికి ఎదురుగా, పౌరసత్వం చూసి కూడా నిర్ణయించకూడదు. 2017లో లండన్‌లో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో 200 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచిన రమీల్ గులియెవ్ టర్కీ తరఫున పరుగెత్తాడు, కాని పుట్టింది బాకులో. టర్కీ అక్షరమాలలో 'క్యూ' అక్షరమే లేదు గనుక అక్కడ అతని ఇంటిపేరును 'జి'తో రాస్తారు.

తొమ్మిదవ మెట్టు: కుటుంబంతో సరిచూడడం

ఇంతవరకు చేసినది మాట చరిత్ర. ఒక నిర్దిష్ట కుటుంబానికి ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందో తెలియాలంటే తండ్రి పేర్ల గొలుసును వెనక్కి పట్టుకుపోవాలి. జనన పత్రంలో, పాస్‌పోర్టులో, సమాధి రాతి మీద తండ్రి పేరు ఉంటుంది; సోవియట్ కాలపు రష్యన్ పత్రాల్లో 'ఓగ్లు'కు బదులు 'ఒవిచ్', 'గిజి'కి బదులు 'ఒవ్నా' ఉండవచ్చు. ఇంకా వెనక్కి వెళితే రష్యన్ ప్రభుత్వం పన్నుల కోసం గ్రామాల వారీగా తయారుచేయించిన జాబితాలూ, 1886 నాటి కుటుంబ జాబితాలూ ఉన్నాయి. వాటిలో ఇంటి యజమాని పేరు, అతని తండ్రి పేరు, మగపిల్లల పేర్లు, వయసులు కనబడతాయి. ఇంటిపేరు మాత్రం చాలాచోట్ల ఉండదు. ఇంటిపేరు కోసం వెతికేవాడు వాటిలో వెతకవలసింది ఒక సొంత పేరును.

ఊహకు ఒక కుటుంబాన్ని తీసుకుందాము. 1886 జాబితాలో ఒక పల్లెలో 'కెర్బెలాయి అలీగులు, హసన్ కొడుకు' అనే ఇంటి యజమాని ఉన్నాడనుకోండి. అతనికి ఇద్దరు కొడుకులు. 1930లలో పత్రాలు రాయించుకునేటప్పుడు పెద్ద కొడుకు తండ్రి పేరును పూర్తిగా చెప్పి అలీగులియెవ్ అయి ఉండవచ్చు, లేదా ఇంట్లో పిలిచే పొట్టి పేరు చెప్పి గులియెవ్ అయి ఉండవచ్చు. చిన్న కొడుకు వేరే పట్నంలో తాత పేరు చెప్పి హసనొవ్ అయి ఉండవచ్చు. మూడూ ఆ ఇంటికి న్యాయమైన ఇంటిపేర్లే. కాబట్టి గులియెవ్‌ల మూలాన్ని వెతుకుతూ అదే పల్లెలోని హసనొవ్‌లను పరాయివారని పక్కన పెట్టకూడదు.

దీనికి రెండవ వైపు కూడా ఉంది. గులు అనే పేరు వందల పల్లెల్లో వేలమందికి ఉండేది గనుక, ఆ పేరు గల ప్రతి మనిషి నుంచీ వేరుగా ఒక గులియెవ్ వంశం పుట్టి ఉండవచ్చు. ఇద్దరు గులియెవ్‌లు ఎదురుపడితే వారు బంధువులని అనుకోవడానికి, మన దగ్గర ఇద్దరు రామదాసులు ఎదురుపడితే అన్నదమ్ములని అనుకోవడానికి ఎంత ఆధారముందో అంతే ఉంది. తాత పేరు, ముత్తాత పేరు, పల్లె పేరు కలిసినప్పుడే ఆ మాట రాయాలి; అంతవరకు రాసుకున్న పుటలో ఆ చోటును ఖాళీగా వదిలివేయడమే మంచిది.